పేరు రాయని ఫ్లెక్సీ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. శ్మశానం పక్క చేలో ఒంటరిగా పత్తి తీసినదాన్ని. ఎవరికన్నా గాలి సోకిందంటే నవ్వేదాన్ని. ఈ సంగతి తలుచుకుంటే మాత్రం నవ్వు రాదు.

నరసరావుపేటలో మా అమ్మాయి శైలజకు ఫ్లెక్సీల షాపు ఉంది. మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లి నేనూ అక్కడే కూర్చుంటాను. ఆ రోజు గుంటూరు ఆసుపత్రి నుంచి మా అక్క కొడుకు శీను ఫోన్ చేశాడు. డాక్టర్లు చేతులెత్తేశారట, అమ్మ ఇక లేనట్టే, ఫ్లెక్సీ చేసిపెట్టమన్నాడు. మా వైపు శవం ఇల్లు చేరేసరికి సందు మొదట్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉండాలి. లేకపోతే ఆ మనిషికి నా అన్నవాళ్ళు లేరనుకుంటారు.

శైలజ ఏడుస్తూనే చేసింది. మనవడి బారసాలకు అక్క ఆకుపచ్చ చీర కట్టుకున్న ఫోటో పెట్టి, చుట్టూ బంతిపూల దండ వేసింది. పేరు రాయడానికి చెయ్యి రాలేదు. ఆ చోట మూడు అడ్డగీతలు పెట్టి వదిలేసింది. ఫైలుకూ ఆ మూడు గీతలే పేరుగా పెట్టింది.

ప్రింటు వేయకముందే శీను మళ్ళీ ఫోన్ చేశాడు. ఊపిరి ఆడుతోంది, మిషన్ మీద పెట్టారు అన్నాడు.

బతికున్న మనిషికి దండ వేసి కూర్చున్నాం. "ముందు దాన్ని తీసెయ్యవే" అన్నాను.

అది పోలేదు. షాపులో ఉన్నది లైనక్స్ కంప్యూటర్. నల్ల తెర మీద తీసెయ్యమని రాసి, పక్కన ఫైలు పేరు కొట్టాలి. పేరు గీతతో మొదలైతే కంప్యూటర్ దాన్ని పేరనుకోదట, ఇంకేదో ఆజ్ఞ అనుకుని అర్థం కాలేదంటుందట. శైలజకు తెలిసిన కిటుకొకటి ఉంది. ముందు ఒక చుక్క, ఏటవాలు గీత పెట్టి కొట్టింది. పోయింది. ఫోల్డర్ మళ్ళీ తెరిచి చూస్తే మూడు గీతలూ అక్కడే ఉన్నాయి. మళ్ళీ తీసింది. మళ్ళీ వచ్చింది.

కంప్యూటర్ పెట్టినతనికి ఫోన్ చేసింది. అదేం బ్రహ్మవిద్యా అని అతను నవ్వాడు. "మామూలు పేరేదన్నా పెట్టి, ఆ పేరుతో తీసెయ్యమ్మా" అన్నాడు.

శైలజ పేరు కొట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. ఆ దండ ఫోటోకు పేరు పెట్టాక అక్కకు ఏమన్నా అయితే మా చేతులతో మేం చేసినట్టే అనిపించింది. తీయలేక, ఉంచలేక, దండలో నవ్వుతున్న అక్కను చూస్తూ ఇద్దరం అట్లాగే కూర్చున్నాం.

అక్క బతికింది. ఇంటికొచ్చాక జావ తాగిస్తుంటే తనే మొదలుపెట్టింది.

"ఏమే, మన సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టారే. ఆకుపచ్చ చీర నాదే. ఎవరో రా రమ్మంటన్నారు. పోదామనే లేచా. చూస్తే పేరు లేదు. పేరు లేందానికి నేనెందుకు పోవాల అని తిరిగొచ్చా."

గిన్నె కింద పెట్టేశాను. ఆ ఫ్లెక్సీ ప్రింటే కాలేదు. శీను కూడా చూడలేదు. పేరు రాయలేదని నాకూ శైలజకూ తప్ప ఎవరికీ తెలియదు.

"కల వచ్చుంటదిలే అక్కా" అన్నాను.

"కలైతే కలే. ఇంతకీ పేరు రాశారా ఏంది?" అంది.

గిన్నె మళ్ళీ తీసుకుని ఇంకో చెంచా జావ నోటికందించాను.

ఆ ఫైలు ఇప్పటికీ ఉంది. అల్లుడు ఈ కంప్యూటర్ అమ్మేసి కొత్తది తెద్దామంటున్నాడు. కొన్నవాడు ఆ గీతలు తీసేసి ఏదన్నా పేరు పెడితేనో? నేను వద్దంటున్నాను.