తాండూరు నుంచి తిరుగు రైల్లో

ఎన్నో ఏళ్లు బాస్కెట్‌బాల్ కోచ్‌గా పనిచేశాను. జట్టును నడపడం మాత్రం వికారాబాద్ బడిలో మా డ్రిల్ టీచరమ్మను చూసే నేర్చుకున్నాను. మాలో ఎవరు తప్పు చేసినా, అది తనదే అన్నట్టు ఆమె తన గుండెల మీద చెయ్యి వేసుకునేది.

1960ల్లో ఒకసారి తాండూరులో పోటీ. ఆఖరి బంతి నేను బుట్టలో వెయ్యలేకపోయాను. ఒక్క పాయింటుతో ఓడాం. తిరుగు రైల్లో తోటి అమ్మాయిలెవరూ నాతో మాట్లాడలేదు. టీచరమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"బంతి గీ పిల్లకియ్యమన్నది నేను. అడిగేదుంటే నన్నడుగుండ్రి," అంది అందరితో.

"ఇగ నేను ఆడను, టీచరమ్మా," అన్నాను ఏడుస్తూ.

"ఫికర్ చెయ్యకు బిడ్డా."

మరుసటి నెల మళ్లీ తాండూరులోనే, మళ్లీ ఆఖరి నిమిషంలో ఆమె గొంతు వినిపించింది: "బంతి గా పిల్లకే ఇయ్యుండ్రి!"

బంతి అందుకుని విసిరాను. బంతి బుట్టలో పడింది. అందరూ నా వైపు వస్తుంటే, నేను ఆమె వైపు పరుగెత్తాను.