రాముడి స్టిక్కరు అంటించిన క్యాసెట్

పోయిన వారం తల్లాడ దాటాక ఒక మొక్కజొన్న చేను పక్కన బండి ఆపాను. గట్టు పొడవునా కర్రలు పాతి, వాటికి ఎరుపూ వెండీ రంగుల రిబ్బను కట్టారు. పిట్టలు వాలకుండా కట్టే ఆ రిబ్బను ఇప్పుడు కొట్లో చుట్టలు చుట్టలుగా దొరుకుతుంది. గాలి వచ్చినప్పుడల్లా అది జుయ్యిమని మోగుతుంటే అక్కడే నిలబడిపోయాను. మా చిన్నప్పుడు ఆ పని క్యాసెట్ టేపు చేసేది.

మాది టేకులపల్లి అవతల, చేను ఆగిన చోట అడవి మొదలయ్యే ఊరు. ఏడో తరగతిలో ఇంగ్లీషుకు భయపడి బడి మానేశాను. బడికేమీ నష్టం రాలేదు, చిలకలకే వచ్చింది. నాయిన నన్ను జొన్నచేలో మంచె ఎక్కించాడు. వడిసెలతో రాళ్లు విసరడం, గొంతు పోయేదాకా అరవడం, పాలకంకులు నిప్పుల మీద కాల్చి అరచేతుల్లో నలిపి పొట్టు ఊదుకుంటూ వేడివేడిగా తినడం, మధ్యాహ్నం అడవి మీంచి వచ్చే ఎండుటాకుల వాసనకు కునుకు తీయడం, అదే నా ఎనిమిదో తరగతి.

నేను పారిపోయిన ఆ ఇంగ్లీషే ఒకరోజు క్యాసెట్లో ఇంటికొచ్చింది. ఖమ్మంలో పాటలు రికార్డు చేసిచ్చే సలీం భాయికి ఖాళీ క్యాసెట్ ఇచ్చి సినిమా పాటలు ఎక్కించమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"సినిమా పాటలు ఊరంత ఇంటది. మా తమ్ముడు దుబాయి నుంచి ఒకటి తెచ్చిండు, గది ఎక్కిస్త. నచ్చకుంటే తే బేటా, దాని మీదనే వేరేది ఎక్కిస్త."

అది హార్డ్ రాక్ ఆల్బం అని ఆయనే చెప్పాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పాడేవాడు తుమ్మ ముల్లు తొక్కినవాడిలా అరుస్తాడు, గిటారు టేకు దుంగను కొరికే కోత మిషనులా మోగుతుంది, డప్పులు రేకుల కప్పు మీద వడగళ్లు. మూడో పాటలో అవన్నీ ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఊపిరి తీసుకునేంత ఖాళీ. మళ్లీ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ ఖాళీ కోసమే రోజుకు పదిసార్లు వినేవాణ్ణి. మంచె మీద పెడితే మొదటి రోజు చిలకలు అడవి దాకా పారిపోయాయి. రెండో రోజు చింతచెట్టు దాకా. నాలుగో రోజు టేపురికార్డర్ మీదే వాలి కంకి తిన్నాయి.

ఇంట్లో ఇంకో క్యాసెట్ ఉండేది, అచ్చం అలాంటిదే. నాయనమ్మ పోయే ముందు ఏడు నాయిన ఆమెను టేపురికార్డర్ ముందు కూర్చోబెట్టి ఎక్కించిన నాట్ల పాటలు. నాయినకు చదువు రాదు, అందుకే గుర్తుగా భద్రాచలం నవమిలో పానకం తాగి కొనుక్కొచ్చిన రాముడి స్టిక్కరు దాని మీద అంటించాడు. శనివారం తలంటుకొని, తడి తువ్వాల భుజాన వేసుకొని, "పెట్టరా" అనేవాడు. పెట్టేది నేనే.

నాకో భయం పట్టుకుంది. ఇంటికొచ్చే చుట్టాల పిల్లలు నా ఆల్బం మీద సినిమా పాటలు ఎక్కిస్తారేమోనని. దేవుడున్న క్యాసెట్ జోలికి ఎవరూ రారు కదా. స్టిక్కరును మెల్లగా ఊడదీసి నా దానికి అంటించాను. శనివారం పెట్టేది నేనే కాబట్టి ఎవరికీ తెలియదు. అంత తెలివైనవాణ్ణి, బడి ఎందుకు మానేశానో.

గిటారు మోతకు సెల్లులు అయిపోయాయి. ఎండలో ఆరబెట్టి ఇంకో రెండు రోజులు లాగి, చివరికి కొత్తవి తేవడానికి టేకులపల్లి పోయాను. తిరిగొచ్చేసరికి చేనంతా గోధుమరంగు టేపు మెరుస్తోంది. కర్ర నుంచి కర్రకు.

"వేంసూరు దిక్కు గిట్లనే కడుతుండ్రు," అన్నాడు నాయిన, చాలా రోజుల తర్వాత నవ్వుతూ. "నీ లొల్లి క్యాసెటే తీసిన. దేవుంది ముట్టలే."

పరుగెత్తి క్యాసెట్ల డబ్బా చూశాను. రాముడు భద్రంగా ఉన్నాడు. నా ఆల్బం బతికింది. ఆ సంతోషం డబ్బా మూత వేసేంతసేపు నిలిచింది.

శనివారం వచ్చింది. నాయిన తలంటుకున్నాడు. "పెట్టరా" అన్నాడు. నా చేత్తోనే మీట నొక్కాను. కోత మిషను మొదలైంది. ఆయన ఆ వైపంతా విన్నాడు. తిప్పమన్నాడు. రెండో వైపు కూడా అయిపోయేదాకా తడి తువ్వాల పట్టుకొని కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"మరి మా అమ్మ ఏడున్నదిరా?"

చేను వైపు చేయి చూపించాను.

కొడితే దాని మీదో జోకు వేసి బతికిపోయేవాణ్ణి. కొట్టలేదు. సాయంత్రం ఇద్దరం టేపు చుట్టబోయాం. ఎండకు ముడతలు పడి, కర్ర కర్రకూ ముడి దగ్గర తెగి ఉంది. "వదిలెయ్" అన్నాడు. కోతల దాకా ప్రతి శనివారం తలంటుకొని పోయి, మంచె కింద కూర్చొని, గాలికి మోగే టేపు విని వచ్చేవాడు. ఆ ఏడు మళ్లీ చిలకలు రాలేదు.

ఇప్పుడా మంచె లేదు, జొన్న లేదు, సలీం భాయి కొట్టు లేదు, నాయినా లేడు. ఆల్బం మాత్రం ఫోన్లో ఎప్పుడు నొక్కితే అప్పుడు పలుకుతుంది. ఇప్పటికీ వింటాను, ఇప్పటికీ ఇష్టమే, అదే నా సిగ్గు. మూడో పాటలో ఆ ఖాళీ వచ్చినప్పుడు మాత్రం కొంచెం ముందుకు వంగుతాను.

తల్లాడ చేను రైతు మందు కొట్టే డబ్బా దించి నా దగ్గరికొచ్చాడు. "ఏంది పెద్దాయనా, గంతసేపటి నుంచి నిలబడ్డవ్. ఏమన్న పోయిందా?"

"అవ్," అన్నాను. గాలి ఆగేదాకా ఉండి బండి తీశాను.