రోలు కరుగుతుందన్న మావయ్య

భిలాయిలో మా మావయ్యకు తెలియని రాయి లేదు. కొలిమిలో ఇనుము తీశాక రాయిలా మిగిలే స్లాగు ముక్కను నాలుక మీద పెట్టుకుని అందులో సున్నం పాలు ఎంతో చెప్పేస్తాడని ప్రచారం చేసింది నేనే. ఆయన ఖండించలేదు. తొంభైల్లో ఆయన ఉక్కు ప్లాంటులో స్లాగును పరీక్షించే లాబొరేటరీకి పెద్ద. నేను ఆయన కింద పనిచేసే మేనల్లుణ్ని.

మావయ్యావాళ్లు నెహ్రూ నగర్‌లో మేడ మీద వాటా కొనుక్కుని, సెక్టారులో ప్లాంటువాళ్లిచ్చిన క్వార్టరు ఖాళీ చేస్తున్నారు. అన్నీ మేడెక్కుతాయి గాని, అత్తయ్య శ్రీకాకుళం నుంచి రైల్లో తెచ్చుకున్న నల్లరాతి రుబ్బురోలు ఎక్కదు. మొయ్యడానికి వచ్చినవాళ్లు దాన్ని చూసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఇక మొయ్యాల్సింది తనేనని తెలియగానే మావయ్యలో శాస్త్రజ్ఞుడు మేలుకున్నాడు.

"ఆ రోలు ఇక్కడే వొగ్గీద్దాం. అందులో ఉన్నది పైరాక్సీన్. గొలుసు సిలికేటు," అన్నాడు భోజనాల దగ్గర.

"అంటే ఏటి?" అంది అత్తయ్య.

"ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. వాటిలో రెంటిని అటూ ఇటూ పక్కవాళ్లతో పంచుకుంటాది. పెళ్లి బంతిలో ఇద్దరికీ మధ్య ఒకే నీళ్లగ్లాసు పెట్టినట్టు. అలా గొలుసు సాగుతాది. గొలుసుల మధ్య మెగ్నీషియం, ఇనుము కూర్చుని వాటిని కట్టి ఉంచుతాయి. పులుపు తగిల్తే అవి లేచిపోతాయి, గొలుసులు ముద్దయిపోతాయి. మనం తింటున్నవి రాతి అట్లు."

"పిండి పులిసేది గిన్నెలోనండీ, రోట్లో కాదు."

"చింతకాయ పచ్చడో?"

"మీ అమ్మగారు ఇన్నేళ్లూ ఆ పచ్చడే తిని, ఇప్పటికీ ఓపిగ్గా నన్ను తిడతన్నారు. సరే, పరీక్ష చెయ్యండి. కరిగితే వొగ్గీస్తాను. కరక్కపోతే మీరే మోసుకెళ్లాలి. ముక్క కావాలని రోలు మీద మాత్రం మీ సుత్తి పడకూడదు."

ఆ వారమే అత్తయ్య, రోలు నున్నబడిందని ఉలితో గాట్లు కొట్టించింది. గాట్లు పడ్డాక రాతిపొడి పోవడానికి మన ఇళ్లలో ముందు గుప్పెడు నూకలు నానబోసి, రుబ్బి, పారబోస్తారు. ఆ పారబోసిందాన్నే మావయ్య పెరట్లో గీకి, ఎండబెట్టి, 'రోటి నమూనా' అని పొట్లం కట్టాడు.

స్లాగులోనూ ఒక గొలుసు సిలికేటు ఉంటుంది, కాల్షియంది. యాసిడ్‌లో వేసి కాస్తే కాల్షియం విడిపోయి, సిలికా జెల్లీలా మిగులుతుంది. మాకది రోజువారీ పని. మావయ్య తన పొట్లంలోదాన్నీ అలాగే కాచాడు. బీకరులో చిక్కబడింది, గాజుకడ్డీ గుచ్చితే నిలబడేంత. అందర్నీ పిలిచి చూపించాడు. ఇంజనీర్లు తలలూపారు. పెద్దాయన జెల్లీ అన్నాక అది జెల్లీయే. ఒకాయన మరీ ముందుకెళ్లి, ఇవాళే తన ఇంట్లో సన్నికల్లు బయట పెట్టించేస్తానన్నాడు.

తర్వాత జెల్లీని పింగాణీ గిన్నెలో పోసి ఆరబెట్టాలి. సిలికా ఎంత కాల్చినా తెల్లగానే ఉంటుంది. ఇది గోధుమరంగు తిరిగింది, నల్లబడింది, పొగలేచింది. పక్క గది భయ్యా తలుపులోంచి తొంగిచూసి, "దాదా, చావల్ జల్ గయా క్యా?" అని, అన్నం మాడిందా అని అడిగాడు. ఆ మాడు అన్నం వాసనకు ఊళ్లో క్యాంప్ 2 బస్తీ ఆడవాళ్లంతా ఎవరి పొయ్యి వాళ్లు చూసుకున్నారని నేనంటాను. మీరు సగం నమ్మితే చాలు.

జెల్లీ అనుకున్న ఆ నూకల గంజి మాడంతా కాలిపోయాక కడిగి చూస్తే, అడుగున నల్లటి రాతిరేణువులు తళతళలాడుతున్నాయి. అంచులైనా అరగలేదు.

"కరుగుతాయిరా," అన్నాడు మావయ్య. "స్లాగులో కాల్షియం వదిలినంత బేగి ఈ మెగ్నీషియం వదల్దు. అంతే తేడా."

"ఎన్నాళ్లు పడుతుంది మావయ్యా?"

"ఇల్లు మారడానికి ముందైతే అవదు."

ఇల్లు మారే రోజున రోలుకు గోనెసంచి కట్టి, ఆయన ముందూ నేను వెనకా పట్టుకున్నాం. మెట్ల మలుపులో మావయ్య కూలబడి చెమట తుడుచుకున్నాడు. ఇనుము ఎక్కువున్న రకమైతే కాస్త తొందరగా కరుగుతుందేమోనని రొప్పుతూ మొదలెట్టాడు.

పైనుంచి అత్తయ్య కేకేసింది, "పప్పు నానబోసీసేను. బేగి తెండి."