ఎరుపు, ఆకుపచ్చ ముక్కలు

ఐయోవాలో ఉండే డెబ్బై తొమ్మిదేళ్ల వెర్నా రోజూ పొద్దున్నే కఫం కదిలించే మిషను కోటు తొడుక్కుంటుంది. అది ఒళ్లంతా కుదిపేస్తుంటే, ఒలికిపోకుండా సగమే నింపుకున్న కాఫీ తాగుతూ, వణికే గొంతుతోనే చెల్లెలితో ఫోనులో కబుర్లాడుతుంది. తర్వాత బొంత కుట్టుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ గుడ్డముక్కలను కిటికీ వెలుగులో పట్టి చూడందే సూది గుచ్చదు.

ఊపిరితిత్తుల్లో పాత ఇన్ఫెక్షన్‌కు ఏడాదిన్నర మందులు వాడొచ్చని, వాటిలో ఒక మాత్రవల్ల ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకుండా పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

"వేసుకోకపోతే?" అంది వెర్నా.

"పెరగొచ్చు, ఇలాగే ఉండిపోవచ్చు. మూడు నెలలు చూద్దాం."

"అయితే ఈ బొంత అయ్యాక వేసుకుంటాలెండి."

మూడు నెలలకు స్కాన్‌లో మార్పేమీ లేదు.

"బొంత అయిందా వెర్నా గారూ?"

"పోయిన వారమే."

సంచిలోంచి తొంగిచూస్తున్న కొత్త ఎర్ర ముక్కలను వెర్నా మెల్లగా లోపలికి నొక్కింది. డాక్టరమ్మ చూడనట్టే, మరో మూడు నెలలకు తేదీ రాసింది.