అక్షింతలు వేసిన చెయ్యి

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అబ్బాయి లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, వాళ్ళ తాతయ్య మీద తాను బొమ్మలు గీసి తీసిన డాక్యుమెంటరీ చూపించాడు. తాతయ్య అంటే మా నాన్నగారు, తొంభైల్లో కొత్తపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వీడియో తీసినాయన. అన్ని పెళ్ళిళ్ళు తీసినా ఒక్క క్యాసెట్‌లోనూ ఆయన ముఖం లేదు. తీసేవాడు కనపడకూడదన్నది ఆయన పట్టుదల. ఇంట్లో ఉన్న ఒకటి రెండు ఫొటోలూ తుఫానులో తడిసిపోయాయి కనుక మా వాడు ఆయన్ని బొమ్మగా గీసుకోవలసి వచ్చింది.

వాడికి దొరికిన ఆధారమల్లా నా పెళ్ళి క్యాసెట్టే. అప్పట్లో నాకు తాటిపాకలో ఉద్యోగం, పెళ్ళి పలివెలలో. కొడుకు పెళ్ళికైనా ఆయన కెమెరా ఇంకొకరికి ఇస్తారని నేను గట్టిగా ఆశపడ్డాను, ఎందుకంటే మధ్యలో ఆ యంత్రం లేకుండా ఆయన నన్ను తిన్నగా చూసిన గుర్తు నాకు పెద్దగా లేదు. పెద్దలకు దండం పెట్టే వేళ మా మావగారు ఆయన్ని పిలిచారు.

"బావగారూ, అదెవరికైనా ఇచ్చి ఇలా రండి, పిల్లలు దణ్ణం పెట్టుకుంటారు."

"ఆయ్, వచ్చేస్తున్నానండీ," అన్నారు. రాలేదు.

చేసేదిలేక మేమిద్దరం కెమెరా ముందే వంగాం. క్యాసెట్‌లో ఆ చోట బొమ్మ కాస్తయినా అదరదు. పక్కనుంచి ఒక కుడిచెయ్యి వచ్చి మా తలల మీద అక్షింతలు రాల్చి వెళ్ళిపోతుంది. దీవెన బదులు, "ఒరే, తల కొంచెం ఎత్తరా, మొహం మీద నీడ పడిపోతంది," అని వినపడుతుంది. ఆ పూట నాకు భోజనం సయించలేదు.

మా వాడి సినిమాలో మాత్రం తాతయ్య కెమెరా కింద పెట్టి, మెల్లిగా నడిచి వచ్చి, రెండు చేతులూ నా తల మీద ఉంచారు. ముఖం ఎలా గీశావురా అంటే, నిన్ను చూసే గీశాను నాన్నా అన్నాడు. మా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు, ఎవరి పెళ్ళో చూస్తున్నట్టు కూర్చున్నాను. తాతయ్య అలాగే ఉన్నారా అని వాడు ఆత్రంగా అడిగితే, తెర మీంచి చూపు తిప్పకుండానే బాగుందిరా అన్నాను.

ఇప్పుడు పెళ్ళిలో అందరి చేతుల్లోనూ ఫోన్లే, తీసేవాడు కూడా నవ్వుతూ అందులోనే ఉంటున్నాడు. నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. మొన్నటి నుంచీ ఆయన్ని తలచుకుంటే మా వాడు గీసిన ముఖమే కళ్ళ ముందుకు వస్తోంది, నన్నే తిన్నగా చూసే మంచి ముఖం. దాన్ని తప్పించి అసలు ముఖం కోసం వెతుక్కుంటే ఏమీ రావడం లేదు, ఏడుపు కూడా.