దుకాణం పెంచిన నెల

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల వరుస చివర పాత సామాను పరచుకుని కూర్చునే ఆయన దగ్గర ఒక చెక్క దువ్వెన తీసుకుని, చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేశాను. చినుకులు మొదలయ్యాయి, మోకాళ్ళు లాగుతున్నాయి, మనవరాలు ఆటో ఆపి తొందరపెడుతోంది. ఆయన మాత్రం డబ్బు అందుకోకుండా నా ముఖం వంకే చూశాడు. "ఏంది పెద్దమ్మా, ఇయ్యాల కొట్లాడుతలేవు? పానం మంచిగ లేదా?" అన్నాడు. నా బేరాల కీర్తి అలాంటిది మరి. నన్ను దూరం నుంచి చూడగానే కూరగాయల బండ్లవాళ్ళు ధర పెంచుకుని సిద్ధంగా ఉంటారని, నేను గంటసేపు పోరాడి దాన్ని అసలు ధరకు దించి, గెలిచానని మురిసిపోతానని మా ఇంట్లో వేళాకోళం. నవ్వేసి ఆటో ఎక్కాను గాని, ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అదే మాట ఒకప్పుడు నేను మా నాయనను అడిగాను.

నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో మా నాయనకు దుకాణాల వరుసలో ఒక మలిగి గదిలో సింగారపు సామాను దుకాణం ఉండేది. గాజులు, పూసలు, గుండీలు, రిబ్బన్లు, దువ్వెనలు, చెయ్యంత అద్దాలు. ఒక్కతే కూతుర్ని కావడంతో బడి వదలగానే నేరుగా దుకాణానికే వచ్చి, గల్లా పెట్టె పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. కొనేవాళ్ళు వస్తువును కింద పెట్టి వెళ్ళిపోతున్నట్టు నటించినప్పుడు ఎవరిది నటనో, ఎవరిది నిజమో వాళ్ళ చెప్పుల చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని. ఆ విద్య చూసి మా నాయన లోపల మురిసేవాడు, పైకి మాత్రం ఆడపిల్లకు ఇన్ని తెలివితేటలు ఎక్కడ దాచాలో అని నిట్టూర్చేవాడు.

మన ఇళ్ళల్లో కొన్ని మాటలు నోటితో అనరాదని మీకూ తెలిసే ఉంటుంది. మా అమ్మ ఏనాడూ బియ్యం అయిపోయాయని అనలేదు, నిండుకున్నాయి అనేది. దీపం ఆరిపోయేది కాదు, కొండెక్కేది. అలాగే మా బజారులో దుకాణం మూయడం అనే మాట లేదు. ఉర్దూ మాట్లాడే వ్యాపారులు పొద్దుగూకాక "బఢాదో భాయ్" అని ఒకరినొకరు పిలుచుకుంటే, మావాళ్ళు దాన్ని తెలుగు చేసుకుని "పెంచుదామా" అనేవారు. ఒక్కో తలుపు పలకా తెచ్చి గాడిలో నిలబెట్టి, తాళం వేసి, గడప ముట్టుకుని కళ్ళకు అద్దుకోవడాన్ని మేము దుకాణం పెంచడం అనేవాళ్ళం.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన ఐదారేళ్ళకనుకుంటాను, ఒకరోజు పొద్దున, ఇంకా బోణీ కాకముందే, మా నాయన గుండీల డబ్బాలు తుడుస్తూ తుడుస్తూ, "దుకాణం పెంచుదామనుకుంటున్న బిడ్డా" అన్నాడు. చీకటి పడ్డాక అని ఉంటే మారుమాట లేకుండా లేచి పలకలు అందించేదాన్ని. పొద్దున్నే ఎండ గల్లా మీద పడుతుండగా అనేసరికి నా బుర్ర ఇంకో దారి పట్టింది. పక్క మలిగి కొన్ని నెలలుగా ఖాళీగా ఉంది. మధ్య గోడ తీసేస్తారన్నమాట, అద్దాల బీరువాలు పెడతారన్నమాట, అటువైపు గల్లా మీద కూర్చునేది నేనేనన్నమాట. నేను ఎగిరి గంతేసినంత పని చేస్తే ఆయన నా వంక చూసి, ఏదో చెప్పబోయి, మళ్ళీ డబ్బా తుడవడంలో పడ్డాడు.

ఆ తర్వాత సామాను వచ్చే ఊళ్ళన్నీ ఒకసారి చూసివద్దామని బయలుదేరాడు. అప్పటికే ఆయనకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది, దవాఖానలో ఒంటరిగా ప్రయాణాలు వద్దన్నారని అమ్మ నన్ను వెంట పంపింది. నాంపల్లిలో రైలెక్కింది మొదలు నా నోటికి తాళం లేదు. ఏ గోడకు ఏ రంగు, ఏ అరలో ఏ గాజులు అని నేను చెబుతూ పోతుంటే, ఆయన కిటికీలోంచి చూస్తూ "ఔ బిడ్డా" అనేవాడు. ఆ నెలంతా మాకు నిలకడ లేదు, ఒక రైలు దిగి ఇంకో రైలెక్కడమే. అయినా నేను తిన్న తిండీ, చూసిన వింతా అప్పుడే. నాగపూరు స్టేషన్లో కొన్న నారింజలు ఒలుస్తుంటే పెట్టె అంతా వాసన నిండి, ఎదురు బల్ల మీది ముసలామె అడగకుండానే చెయ్యి చాచింది. ఫిరోజాబాద్‌లో కరిగిన గాజును తేనెపాకంలా సాగదీసి చుట్టేస్తుంటే నోరు తెరిచి నిలబడిపోయాను.

అక్కడే మా నాయన, మిగిలిపోయిన గాజుముక్కతో ఎవరో సరదాకు చేసిన గాజొకటి ఏరుకున్నాడు. బొమ్మ చేతికి కూడా పట్టదది. బొంబాయిలో గుండీల గుట్టలోంచి కుట్టు రంధ్రాలు వేయడం మరిచిపోయిన గుండీని ఏరుకున్నాడు. ఇటు పళ్ళు, అటు పళ్ళు ఉండి పట్టుకోవడానికి చోటు లేని దువ్వెననూ ఏరుకున్నాడు. ప్రతి చోటా పాత వర్తకులతో కూర్చుని చాయ్ తాగేవాడు, లేచేముందు వాళ్ళ చెయ్యి కాసేపు పట్టుకునేవాడు. సరుకు పంపమని మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఇవన్నీ నమూనాలు, సరుకు వెనక రైలు పార్సిల్‌లో వస్తుందని నేను నిశ్చయించుకున్నాను. వర్తకుల బిడ్డనని విర్రవీగే నాకు, రంధ్రాలు లేని గుండీని ఎవరు కొంటారన్న అనుమానం రాలేదు చూడండి.

చివరికి కన్నడ సీమలోని చన్నపట్నం చేరాం. లక్క పూసిన చెక్క బొమ్మలు అక్కడివే. ఒక దుకాణంలో మా నాయన ఒక బొంగరం తీసుకున్నాడు, దాని మేకు పక్కకు ఒరిగి ఉంది. దుకాణదారు బేరానికి చోటుంచి బాగా ఎక్కువ చెప్పాడు. మా నాయన కిమ్మనకుండా అంతా ఇచ్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది నాయనా, గిట్ల చెప్పినంత ఇస్తవా? పానం మంచిగ లేదా?"

ఆయన బొంగరాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "మల్ల వచ్చేటోడు బేరమాడుతడు బిడ్డా. నేను పెంచుతున్ననని చెప్పిన గదా."

అప్పుడు తెలిసింది నాకు. లోపల బొమ్మలు చెక్కే చక్రం ఒకటే గిర్రున శబ్దం చేస్తోంది.

"మరి గీ నమూనాలన్నీ?" అన్నాను.

"నమూనాలు గావు. ఇన్నేండ్లు అందరికీ అమ్మిన, నాకోసం ఒక్కటన్న కొనుక్కున్ననా? గందుకే ఎవ్వలకూ అమ్మరానివి చూసి తీసుకున్న."

"నేను కూసుంట గల్లా మీద. నువ్వు ఇంట్ల పండుకో."

"నువ్వు కూసుంటవని నాకు ఎరికే," అన్నాడు. "నీకు ఇల్లు చూసిన బిడ్డా. హిమాయత్‌నగర్ల. పిల్లగాడు గుమాస్తా, మంచోడు." బొంగరం నా చేతిలో పెట్టాడు. తిరుగు రైల్లో నేను రంగుల మాట ఎత్తలేదు, ఆయన "ఔ" అనవలసిన అవసరం రాలేదు.

వచ్చాక ఒక సాయంత్రం ఇద్దరం కలిసి పలకలు నిలబెట్టాం. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. ఆపైన ఆయన ఎంతోకాలం లేడు. నా పెళ్ళి చూశాడు, పొద్దుగూకే వేళకు అరుగు మీద కూర్చుని గోడకేసి చేతులు కదిలించేవాడు, పలకలు సర్దుతున్నట్టు. మా ఆయన నిజంగానే మంచివాడు. ఏ లోటూ చేయలేదు. అయినా ఏ బట్టల కొట్లోనో గల్లా వెనక ఒక ఆడమనిషి కూర్చుని కనిపిస్తే, చీర ఎంచడం మానేసి ఆమెనే చూస్తూ ఉండిపోయేదాన్ని.

ఇప్పుడా మలిగి చోట ఏముందో చెప్పడానికి నాకు గుర్తు దొరకదు, ఆ వరుసంతా లేచిపోయి మేడలు వచ్చాయి. ధర చీటీ మీద అచ్చువేసి ఉంటుంది, బేరమాడితే అమ్మాయిలు జాలిగా నవ్వుతారు. బియ్యం నిండుకున్నాయంటే మా మనవరాలు సంతోషించి డబ్బా మూత పెట్టేస్తుంది. షట్టరు ఒక్క లాగుతో దబ్బున కిందికి వస్తోంది, ఒక్కో పలకా తెచ్చి నిలబెట్టేటంత వ్యవధి ఇప్పుడెవరికీ లేదు.

రంధ్రాలు లేని ఆ గుండీ నా కుట్టుడబ్బాలో ఉంది. మొన్న ఆటో దిగి ఇంటికి రాగానే దాన్ని తీసి అరచేతిలో అటూ ఇటూ తిప్పాను. కొన్న దువ్వెనను మళ్ళీ కాగితంలో చుట్టాను. మోకాళ్ళు ఒప్పుకుంటే ఈ ఆదివారం అబిడ్స్ వెళ్ళి, దువ్వెనకు ఎక్కువ తీసుకున్నావని ఆ పెద్దమనిషితో నాలుగు మాటలు కొట్లాడి రావాలి.