ప్రాగ్‌లో పప్పు

సింగపూర్‌లో ట్రైనెక్కితే చాలు, మెడలో ఆఫీసు కార్డులు వేలాడుతున్న మన తెలుగు పిల్లలే కనిపించే రోజులవి. ఆ సాయంత్రం నా పక్కన ఒక కొత్త జంట కూర్చుంది. మొదటిసారి యూరప్ వెళ్తున్నారట, ప్రాగ్ అనే ఊళ్ళో మూడు రోజులు.

"వంటగది ఉన్న రూమ్ బుక్ చేశా. బయట తింటే బడ్జెట్ దాటిపోద్ది. పొద్దున్నే నువ్వు అన్నం, పప్పు వండేశావనుకో, రోజంతా తిరగొచ్చు. కుక్కర్ నీ పెట్టెలో పెట్టుకో, నా దాంట్లో కెమెరా ఉంటది," అన్నాడు అబ్బాయి. ఆ అమ్మాయి కిటికీ వైపు తిరిగింది.

నాకు ఒళ్ళు మండింది. "పప్పు ఉడకడం చూడ్డానికి ఆ పిల్లని అంత దూరం తీసుకెళ్ళాలా బాబూ?" అన్నాను.

"తనకి వంటంటే ఇష్టం ఆంటీ," అని నవ్వాడు.

"అని నేనెప్పుడు చెప్పాను?" అంది ఆ అమ్మాయి.

వాళ్ళు దిగాల్సిన బిషాన్ స్టేషన్ రాగానే అతను లేచాడు. ఆమె లేవలేదు. "నువ్వెళ్ళి వండుకో. నేను తర్వాతి స్టేషన్ ఆంగ్ మో కియోలో దిగి, హాకర్ సెంటర్ బళ్ళ దగ్గర తినేసి వస్తా," అంది.

తలుపులు మూసుకుంటున్నా అతను బయట నిలబడి నవ్వుతూనే ఉన్నాడు, వేళాకోళానికి అందనుకుని. ఆ ముఖం గుర్తొస్తే, లాగి ఒకటిద్దామని ఇప్పటికీ నా అరచెయ్యి దురద పెడుతుంది.